రాగి మందు చల్లిన నేలలో చచ్చిన పురుగులు కనిపించకపోతే హాని లేనట్టేనా?

పండ్లతోటలో తెగుళ్లు రాకుండా పదేళ్లుగా బోర్డో మిశ్రమం అనే రాగి మందు పిచికారీ చేస్తున్నామని, చెట్ల కింద చచ్చిన వానపాము గానీ పురుగు గానీ ఎన్నడూ కనిపించలేదని, కాబట్టి రాగి వల్ల నేలలోని చిన్న జీవులకు హాని లేదనుకోవచ్చా అని మీరు అడిగారు. అనుకోకూడదు. నేనూ పదిహేనేళ్ల పాటు ఇదే నమ్మకంతో మైలుతుత్తం (రాగి సల్ఫేటు), సున్నం కలిపి ఆ మిశ్రమాన్నే చల్లాను. రాలిన ఆకులను నమిలి మట్టిలో కలిపేది ఆ చిన్న జీవులే కదా, ఆ నమ్మకం చెదిరింది కుళ్లకుండా మిగిలిపోయిన ఆకులను చూసినప్పుడు.

ఒకసారి వానలు వెనకబట్టాక ఎరువు వేద్దామని చెట్టు మొదట్లో పారతో గీకితే, రాలిన ఆకులన్నీ ఒకదానికొకటి అంటుకుని చాపలా లేచి వచ్చాయి. పైన ఆ ఏటి ఆకులు, వాటి కింద అంతకు ముందటి ఏటివి, ఇంకా అడుగున నల్లబడినా ఈనెలు చెక్కుచెదరనివి పొరలు పొరలుగా ఉన్నాయి. అడుగు మట్టి గట్టిగా ఉంది. వానపాములు విసర్జించే మట్టి గుళికలు ఒక్కటీ లేవు. పిచికారీ గొట్టం అందక ఏనాడూ మందు చల్లని చెట్టు ఒకటి గట్టు మీద ఉండేది. దాని కింద చూస్తే పోయినేటి ఆకు జాడే లేదు, మట్టి పిడికిట్లో పొడిపొడిగా రాలింది.

ఆ రెండు చోట్ల నుంచి చెరో దోసెడు మట్టి తెచ్చి, అడుగు కోసిన సీసాలను గరాటుల్లా తలకిందులుగా నిలబెట్టి, మూతి దగ్గర జల్లెడ గుడ్డ పెట్టి, మట్టి పోసి, పైన బల్బు వేలాడదీసి, కింద తడి కాగితం పరిచిన గిన్నెలు ఉంచాను. వేడికి మట్టి పైనుంచి ఎండుతూ వస్తే అందులోని జీవులు కిందికి దిగి గిన్నెలో పడతాయి. మూడు రోజుల తర్వాత భూతద్దంతో చూశాను. గట్టు మీది చెట్టు గిన్నెలో మట్టి నల్లులు, స్ప్రింగ్‌టెయిల్ అనే తెల్లని పురుగులు కిక్కిరిసి ఉన్నాయి. రెండు మిల్లీమీటర్లు కూడా లేని పెద్దవాటి పక్కనే పిండి రేణువుల్లాంటి పిల్లలు కదులుతున్నాయి. మందు చల్లిన చెట్టు గిన్నెలో పెద్దవి కొన్ని ఉన్నాయి గానీ పిల్లలు దాదాపు లేవు.

రాగి పనిచేసే తీరే ఇది. చంపడానికి కావలసిన మోతాదుకు చాలా దిగువనే అది సంతానాన్ని తగ్గిస్తుంది. అందుకే ప్రయోగశాలల్లో ఫోల్సోమియా కాండిడా అనే స్ప్రింగ్‌టెయిల్‌ను రాగి కలిపిన మట్టిలో 28 రోజులు ఉంచి, బతికిన పెద్దవాటితో పాటు పుట్టిన పిల్లలనూ లెక్కపెడతారు. ఈ పురుగు కుబుసం విడిచినప్పుడల్లా పేగు లోపలి పొరను కూడా మార్చుకుంటుంది కనుక అందులో చేరిన లోహం కొంత బయటికి పోతుంది. ఎప్పుడూ తడిగా ఉండే పలుచని చర్మంతో మట్టిలోని నీటిని నేరుగా తాకుతూ, ఆ మట్టినే మింగి బతికే వానపాముకు అంత రక్షణ లేదు. కిలో మట్టికి రాగి 100 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉన్నప్పుడే, కొన్ని నేలల్లో అంతకంటే ముందే, అది పెట్టే గుడ్ల సంచులు తగ్గిపోతాయి. పైగా వానపాము రాగి మట్టిని వదిలి శుభ్రమైన మట్టిలోకి తరలిపోతుంది. ఈ స్వభావాన్ని పరీక్షించడానికి 48 గంటలు చాలు. వెళ్లిపోయినవాటి, పుట్టనివాటి శవాలు మీకెలా దొరుకుతాయి?

మీ తోట లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక శాతం మిశ్రమంలో 100 లీటర్లకు కిలో మైలుతుత్తం వేస్తాం. అందులో పావు వంతు రాగి. హెక్టారుకు 1000 లీటర్ల చొప్పున ఏటా నాలుగుసార్లు చల్లితే 10 కిలోల రాగి పడుతుంది. హెక్టారులో పది సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 1300 టన్నులు ఉంటుంది కనుక, పదిహేనేళ్లలో కిలో మట్టికి దాదాపు 115 మిల్లీగ్రాములు చేరతాయి. రాగి మూలకం కాబట్టి కుళ్లదు, ఆవిరి కాదు, లోతుకు ఇంకేదీ తక్కువే. ఐరోపా సమాఖ్య 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించకూడదని పరిమితి పెట్టింది. అక్కడి ద్రాక్షతోటల్లో కిలో మట్టికి రాగి సగటున 49 మిల్లీగ్రాములుంటే, మొత్తం నేలల సగటు 17 దాటదు.

నన్ను ఇప్పటికీ బాధించేది మట్టి పరీక్ష నివేదిక. ఏళ్ల తరబడి నేను తెచ్చుకున్న ప్రతి కాగితంలోనూ రాగి ఎదురుగా "సమృద్ధి" అనే రాసి ఉండేది, దాన్ని చూసి నేను సంతోషించేవాణ్ణి. లోపం ఉందా అని మాత్రమే చూసే పరీక్ష అది. ఎంత దాటితే ఎక్కువో అందులో ఒక్క ముక్క లేదు. సేంద్రియ సాగులో అనుమతి ఉంది కాబట్టి నేలకు మంచిదే అనే మాట కూడా అంతే తప్పు.

ఆమ్ల నేలల్లో, ఇసుక నేలల్లో రాగి మరింత కాటు వేస్తుంది. సున్నం, కంపోస్టు దాన్ని కొంతవరకు కట్టిపడేస్తాయే తప్ప నేల నుంచి తీసివేయలేవు. నేను మందును ఏడాదికి ఒక్కసారికి తగ్గించి, కంపోస్టు వేయడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. గట్టు వైపు మొదటి రెండు చెట్ల కింద వానపాము గుళికలు మళ్లీ కనిపిస్తున్నాయి. తోట నడుమ వరుసలో మాత్రం ఆకుల పొర ఇంకా రెండు వేళ్ల మందాన అలాగే ఉంది.