అక్కను అమ్మను చేయకండి

డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక తల్లి రాసిన నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

"అమ్మా, మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. ఆయన సాఫ్ట్‌వేర్. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను. పిల్లల కోసం ఉద్యోగం మానేశాను. ఐదుగురు పిల్లలు: పద్నాలుగు, పదకొండు, తొమ్మిది, ఆరేళ్ల వాళ్లు, చివరిది ఏడాదిన్నర పాప. ఆరేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నాం. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, ఇలాంటి కుటుంబాలు పన్నెండున్నాయి. అందరం నెలలో మొదటి శుక్రవారం పూజకు కలుస్తాం. పిల్లలందరూ కలిసి లాటిన్, సైన్స్ నేర్చుకుంటారు. ఇప్పుడు మా అత్తగారు ఆరు నెలలకని వచ్చారు. 'బడి ఈడు పిల్లల్ని కొంపలో కూర్చోబెట్టారు' అని రోజూ సణుగుతారు. 'దాని వయసులో నేను కూడా ఇంత చాకిరీ చేయలేదు, నీ పెద్దకూతురి చేతులు చూశావా' అంటారు. ఆమె మాటలు పట్టుకుని పెద్దమ్మాయి ఆగస్టులో హైస్కూల్‌కు వెళ్తానంటోంది. జపమాలకు పిలిస్తే తలనొప్పి అంటుంది. పబ్లిక్ స్కూల్‌కు పంపితే బిడ్డ విశ్వాసం పోతుందని, ఆ పాపం మనదేనని మా గ్రూపులో ఒక పెద్దావిడ అంటారు. ఫ్రాన్స్‌లో పుట్టిన పునీత చిన్న తెరేజమ్మకు అక్క పౌలీనే కదా చదువు చెప్పింది, నా కూతురు తమ్ముళ్లకు చెబితే తప్పేముంది? ఇంటి చదువు కోసం తెప్పించే సెటన్ పుస్తకాలు మానేసి, అలాంటిదే మదర్ ఆఫ్ డివైన్ గ్రేస్ సిలబస్‌కు మారితే దానికి ఆసక్తి వస్తుందా? అత్తగారికి ఎలా నచ్చజెప్పాలి? ఎవరి మాట వినాలి?"

అమ్మా, ముందు మీరు అడిగినవి తేల్చేస్తాను. వాటికి ఎక్కువ సేపు పట్టదు.

సిలబస్ వర్జీనియా నుంచి తెప్పించినా కాలిఫోర్నియా నుంచి తెప్పించినా పుస్తకాల అట్టలు మారతాయి, మీ అమ్మాయి తలనొప్పి మారదు. చట్టం గురించి మీ అత్తగారికి బెంగ అక్కర్లేదు. ఇంటి బడిని ప్రైవేటు బడిగానే చూడాలని టెక్సస్ సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం నిజాయితీగా నేర్పితే చాలు. మన ఊళ్లో బడికి పోని పిల్ల అంటే పొలానికో పశువులకో పంపిన పిల్ల. మీ అత్తగారి కళ్లకు కనిపించేది అదే. ఆ భయాన్ని తప్పుపట్టకండి.

ఇక పాపం సంగతి. మీ గ్రూపు పెద్దావిడకు నా నమస్కారం, కానీ ఆమె శ్రీసభ (కతోలిక సంఘం) కంటే ఒక మెట్టు పైనెక్కి మాట్లాడుతున్నారు. 1983 నాటి శ్రీసభ చట్టంలో 798వ సూత్రం చదవమనండి. కతోలిక విద్య దొరికే బడికి పంపాలి, అది కుదరకపోతే బడి బయట ఆ విద్య అందేలా తల్లిదండ్రులు చూసుకోవాలి అని ఉంటుంది. అంటే కుదరని కుటుంబాలు ఉంటాయని ఆ సూత్రం రాసినవాళ్లకు తెలుసు. పగలు పబ్లిక్ స్కూల్, సాయంత్రం సత్యోపదేశం (మత పాఠాలు), ఆదివారం పూజ అన్న ఏర్పాటుతో పెరిగినవాళ్లు కోట్లమంది ఉన్నారు. మా అమ్మ ఉపదేశి (ఊళ్లో మత పాఠాలు చెప్పే ఆయన) కూతురు. మమ్మల్ని ఐదుగురినీ గవర్నమెంటు బడికే పంపింది. పరలోక జపం మాత్రం ఇంట్లోనే నేర్పింది.

ఇంట్లో చదివించడం తప్పని నేను అనడం లేదు. చెయ్యగలిగినవాళ్లకు అది మంచి జీవితం. పిల్లలు అమ్మానాన్నల కళ్లముందు పెరుగుతారు. సకల పునీతుల పండుగకు పాత దుప్పటి చుట్టుకుని ఫ్రాన్సిస్ గారూ క్లారమ్మా అయిపోతారు. కాన్పయిన ఇంటికి గ్రూపులో వాళ్లు వంతులు వేసుకుని అన్నం పంపుతారు. మీ చివరి పాప పుట్టినప్పుడు మూడు వారాలు అలా క్యారేజీలు వచ్చాయని రాశారు. పరాయి దేశంలో అది చిన్న విషయం కాదు.

నాలుగో వారం నుంచి వంట ఎవరు చేశారమ్మా?

దీనికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రాస్తున్నప్పుడు మీకు తట్టలేదు, అంతే. మీ పెద్దమ్మాయి గురించిన మాటలు వెతుకుతూ ఆ నాలుగు పేజీలూ రెండోసారి చదివాను. మొదటి పేజీలో ఉదయం ఆమె చంటిదానికి పాలు పట్టి, తమ్ముడికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంది. రెండో పేజీలో మీరు గ్రూపు పిల్లలకు లెక్కలు చెబుతున్న రెండు గంటలూ చిన్నవాళ్లు ఆమె చేతిలోనే ఉంటారు. మూడో పేజీలో రాత్రి జపమాల ఆమే చెప్పిస్తుంది, పాపను ఒళ్లో వేసుకుని. నాలుగో పేజీకి వచ్చేసరికి ఆమె మారిపోయింది, మొండికేస్తోంది, అత్తగారి మాటలు వింటోంది. ఆమెకు ఏ పాఠం ఇష్టమో, స్నేహితురాలు ఎవరో, ఏ విషయానికి నవ్వుతుందో ఒక్క వాక్యం కూడా లేదు. మిగతా నలుగురి గురించీ రాశారు. రెండోవాడికి చెస్ పిచ్చి, మూడోదానికి బొమ్మలు గీయడం ఇష్టం, ఆరేళ్లవాడికి నత్తి పోతోంది. పెద్దమ్మాయి మాత్రం ఎవరికో ఒకరికి పనిచేస్తూనే కనిపించింది.

అత్తగారిది ఇల్లు పాడుచేసే నోరని రాశారు. ఆమె సణుగుడంతా పక్కన పెట్టండి. 'చేతులు చూశావా' అన్న ఒక్క మాట దగ్గర నేను ఆమె పక్షం. వచ్చిన కొద్దిరోజులకే ఆమె చూసినది మీకు ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదో ఆలోచించండి.

తెరేజమ్మ ఇంటిని మీరే తెచ్చారు కాబట్టి ఆ కథ పూర్తిగా గుర్తు చేసుకుందాం. పౌలీన్ చెల్లెలికి అమ్మ ఎందుకైంది? 1877 ఆగస్టులో వాళ్ల అమ్మ జెలీ క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి తెరేజకు నాలుగున్నరేళ్లు, పౌలీన్‌కు పదహారు నిండబోతున్నాయి. ఆ ఇంట్లో అమ్మ లేదు. మీ ఇంట్లో మీరున్నారు కదా తల్లీ! ఇంకోటి, పౌలీన్ దగ్గర కొన్నేళ్లు చదివాక ఆ పాపను లిసియు ఊళ్లో బెనెడిక్టైన్ సిస్టర్ల బడికి పంపారు. పునీతురాలు కూడా బ్యాగు పట్టుకుని బడికి వెళ్లింది, అక్కడ సుఖపడలేదనుకోండి, అది వేరే సంగతి. 1882లో పౌలీన్ కార్మెల్ మఠంలో చేరిపోయింది. కొన్ని నెలలకే చిన్నది మంచం పట్టింది, బతుకుతుందో లేదో అన్నంతగా. అమ్మను ఒకసారి పోగొట్టుకున్న పిల్ల అమ్మలాంటి అక్కనూ పోగొట్టుకుంది. మీ పెద్దమ్మాయి నాలుగేళ్లలో కాలేజీకి వెళ్లిపోతుంది. అప్పుడు మీ ఏడాదిన్నర పాప ఎవరి కోసం ఏడుస్తుందో ఇప్పుడే ఆలోచించండి.

తల్లిదండ్రులే పిల్లలకు మొదటి గురువులు, ముఖ్యమైన గురువులు అని రెండో వాటికన్ మహాసభ 1965లో చెప్పింది. ఇంట్లో చదివించే కతోలిక కుటుంబాలు దాన్ని కంఠతా పట్టి చెబుతాయి, మీరూ చెప్పారు. చెప్పాల్సిందే. కానీ ఆ మాట తల్లిదండ్రుల గురించి. అక్కల గురించి కాదు.

నాకు ఇంత కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఐదుగురిలో నేను పెద్దదాన్ని. అమ్మ ఐదో కాన్పుకు మంచం దిగలేకపోతే తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. 'పెద్దది లేకపోతే నాకు కుడి చెయ్యి లేనట్టే' అని అమ్మ చుట్టాలందరికీ గొప్పగా చెప్పేది. నేనూ పొంగిపోయేదాన్ని. చెయ్యికి చదువెందుకు అని ఆమె అనుకోలేదు, పాపం. నేనూ అనుకోలేదు. ఏడాది తర్వాత మళ్లీ బడికి వెళ్తే నాతోటి పిల్లలు పై తరగతిలో ఉన్నారు. నాకు ఇప్పుడు అరవై నాలుగేళ్లు. మా తమ్ముళ్లు ఇప్పటికీ 'అక్కా, నువ్వే మాకు అమ్మవి' అంటారు, ప్రేమతోనే. విన్న ప్రతిసారీ కడుపులో ఎక్కడో ఏదో మెలిపెడుతుంది. అమ్మ మీద కోపం లేదు. ఆమెకు వేరే దారి లేదు. మీకు ఉంది.

పిల్లలతో పని చేయించొద్దని నేను చెప్పడం లేదు, నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. పని రాని పిల్లలను పెంచడం నాకూ గిట్టదు. మీ పదకొండేళ్లవాడు చెస్ బోర్డు మడిచి గిన్నెలు తోమొచ్చు, మగపిల్లాడని మినహాయింపేమీ అక్కర్లేదు. గిన్నె కడగడం పని, కడిగితే అయిపోతుంది. చంటిది సోఫా మీంచి పడితే 'నువ్వు చూడలేదా' అని ఎవరిని అడుగుతున్నారు? అడిగేది పెద్దమ్మాయినే అయితే ఆమె చేస్తున్నది పని కాదు, మీ ఉద్యోగం. ఆరేళ్లవాడికి చదవడం రాకపోతే దిగులు పడాల్సింది మీరు. ఆ దిగులు ఆమెకు పంచారు. ఆమె తలనొప్పి జపమాల మీద కాదని నా నమ్మకం. రోజంతటిలో ఆమె కూర్చునే సమయం అదొక్కటే, అప్పుడూ ఒళ్లో పాప. మంగళవార్త జపం యాభైసార్లు చెప్పిస్తూ పాపను జోకొట్టే పిల్ల ప్రార్థన చేస్తోందా, డ్యూటీ చేస్తోందా? అయినా ఒకసారి కళ్లు చూపించండి, రక్తం పరీక్ష చేయించండి. తలనొప్పిని నటన అనుకునే తల్లులను చాలామందిని చూశాను.

ఆయన గురించి ఉత్తరంలో ఒకే వాక్యం ఉంది, 'రాత్రి ఇండియా కాల్స్ ఉంటాయి' అని. ఉండనివ్వండి. కాల్స్ మొదలయ్యేలోపు పిల్లలకు స్నానాలు చేయించి, జపమాల ఆయనే చెప్పించాలి. సంపాదిస్తున్నాడు కదా అని తండ్రిని వదిలేసి ఆ లోటు కూతురితో పూడ్చే అలవాటు మన ఇళ్లలో మరీ ఎక్కువ. ఐదుగురు పిల్లలు ఇద్దరి నిర్ణయం. మూడో మనిషి నిర్ణయం కాదు.

మన ఇళ్లలో నాలుగో ఆజ్ఞను పిల్లలకే వినిపిస్తాం, తల్లినీ తండ్రినీ గౌరవించమని. 1992 నాటి సత్యోపదేశ గ్రంథంలో అదే ఆజ్ఞ కింద తల్లిదండ్రులు పిల్లలకు చేయాల్సినవి కూడా వరసగా రాసి ఉన్నాయి. ఆ పేజీలు మీరూ ఆయనా కలిసి చదవండి, పిల్లలు పడుకున్నాక.

మీ గ్రూపుకు చెప్పే లెక్కల క్లాసు కొన్నాళ్లు ఆపండి. ఎమ్మెస్సీ చదువు వృథా అవుతుందన్న బాధ మీకు ఉంది, ఉత్తరం పొడుగునా అది తెలుస్తోంది, నేను కాదనను. కానీ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పడానికి సొంత కూతురి రెండు గంటలు ఖర్చవుతున్నాయి. చంటిదాన్ని మీ అత్తగారికి అప్పగించండి. చేతినిండా పని ఉంటే సణుగుడు సగానికి తగ్గుతుంది, మనవరాలికి నాలుగు తెలుగు మాటలూ వస్తాయి. ఆమెకు నచ్చజెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

అమ్మాయి హైస్కూల్‌కు వెళ్లాలా వద్దా అన్నది నేను చెప్పను. ఆమె ఎనిమిది పూర్తి చేస్తోంది. వెళ్లేదుంటే తొమ్మిదిలో చేరడమే సులువు. అక్కడి హైస్కూల్లో క్రెడిట్ల (పాసైన ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే పాయింట్ల) లెక్క మామూలుగా తొమ్మిది నుంచే మొదలవుతుంది, పదిలోనో పదకొండులోనో చేరితే ఇంట్లో చదివిన వాటికి ఎంత విలువ కట్టాలన్నది ఆ బడి ఇష్టం. కాబట్టి ఏ నిర్ణయమైనా ఎండాకాలంలోపే కావాలి. ఆమె అడిగింది బడినో, రోజూ ఏడు గంటలపాటు ఎవరికీ అక్క కాకుండా ఉండే చోటునో నాకు తెలియదు. మీకూ తెలియదు, ఎందుకంటే మీరు అడగలేదు. 'ఆమె మాటలు పట్టుకుని' అని మీరే జవాబు రాసేశారు. ఇంట్లో బరువు దించాక కూడా బడికే వెళ్తానంటే పంపండి. మీ గ్రూపులో ఎవరైనా ముఖం చాటేస్తే చాటేయనివ్వండి.

ఈ శనివారం ఆమెను బయటికి తీసుకెళ్లండి, మీరిద్దరే. గుడికి కాదు, పుస్తకాల షాపుకూ కాదు. ఎక్కడికి వెళ్దామో ఆమెనే చెప్పమనండి. దారిలో ఉపదేశాలు వద్దు, తెరేజమ్మ కథ అసలే వద్దు. ఆమె మాట్లాడకపోతే మీరూ మాట్లాడకండి. పాప ఏడుస్తోందని ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, ఆయనే చూసుకుంటారు. బయలుదేరే ముందు వెనక సీటులోంచి చంటిదాని కార్ సీటు తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి.