పాత పైపులు పాప చదువుకు అక్కరకు వస్తాయా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. నాలుగేళ్లుగా పాతకాలపు ఇంగ్లిష్ బ్రయర్ పైపులు, అంటే ఒక పొద వేరు కొయ్యతో చేసిన పొగతాగే గొట్టాలు, సేకరిస్తున్నాను. 38 పైపులకు సుమారు 9,000 పౌండ్లు ఖర్చయింది. పొదుపులో ఉన్న 12,000 పౌండ్లు కూడా వీటిలోనే పెట్టి, ఆరేళ్ల తరువాత పాప యూనివర్సిటీ చదువుకు అమ్ముకోవచ్చా?

జవాబు: ఆ 12,000 పౌండ్లను పైపుల్లో పెట్టవద్దు. మీ అభిరుచిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచిన ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్, ఆయన దగ్గర పనిచేసి 1919లో సొంతంగా మొదలుపెట్టిన జోయెల్ ససియేని వంటి పైపుల తయారీదారుల పనితనం చూసినవారెవరికైనా ఆ ఇష్టం అర్థమవుతుంది. అయితే పాప ఫీజు ఎప్పుడు కట్టాలో ముందే తెలుస్తుంది. పైపు కొనేవారు ఎప్పుడు దొరుకుతారో మాత్రం చెప్పలేం.

పైగా పైపు విలువ కొయ్యలో కన్నా దాని కాడ మీద తయారీదారు ముద్రించిన అక్షరాల్లో ఎక్కువగా ఉంటుంది. డన్‌హిల్ పైపుపై ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ పక్కనున్న చిన్న అంకె తయారైన సంవత్సరాన్ని పట్టిస్తుంది. మరో ఇంగ్లిష్ సంస్థ బార్లింగ్ చేసిన పైపుల్లో 1960ల ఆరంభంలో యాజమాన్యం మారక ముందు వచ్చినవాటికే గిరాకీ. మెరుగు పెట్టే చక్రం మీద కాస్త ఎక్కువసేపు ఉంచితే చాలు, పైపు మిలమిల మెరుస్తుంది, అక్షరాలు అరిగిపోతాయి, వాటితోపాటు ధరా పోతుంది. ఎండ తగిలే అల్మారాలో ఉంచితే వల్కనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన నల్లని మౌత్‌పీస్ పాచి రంగుకు తిరుగుతుంది.

ముందుగా, బాగా ధర పలుకుతాయని మీకు నమ్మకమున్న రెండు పైపులను అమ్మి చూడండి. వేలంలో 100 పౌండ్ల దగ్గర పాట ఆగితే, కొన్నవారు వేలం సంస్థ రుసుముతో కలిపి అంతకన్నా ఎక్కువ చెల్లిస్తారు, అమ్మినవారికి కమీషన్ పోగా అంతకన్నా తక్కువ అందుతుంది. ఆ తేడా పూడడానికే ధర ఎంత పెరగాలో మీకే తెలిసివస్తుంది. పన్ను గురించి బెంగ అక్కరలేదు: విడిగా అమ్మిన వస్తువుకు వచ్చినది 6,000 పౌండ్లు దాటకపోతే బ్రిటన్‌లో సాధారణంగా మూలధన లాభాల పన్ను పడదు. లాభం కోసమే తరచూ కొని అమ్ముతుంటే మాత్రం దాన్ని వ్యాపారంగా లెక్కగట్టే అవకాశం ఉంది.

12,000 పౌండ్లలో నాలుగు నెలల ఇంటి ఖర్చును అడిగిన వెంటనే చేతికందే ఖాతాలో ఉంచి, మిగిలినది పాప చదువు కోసమని క్యాష్ ఐసా అనే పొదుపు ఖాతాలో వేయండి. అందులో వడ్డీకి పన్ను ఉండదు. మీకు అక్కడ స్థిరనివాస హక్కు ఇంకా రాకపోతే, పాపకు ప్రభుత్వం ఇచ్చే ఫీజు రుణం అందక, విదేశీ విద్యార్థుల ఫీజు కట్టవలసి రావచ్చు. నాకు పైపుల కన్నా ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఇదే, కనుక ఈ నెలలోనే కనుక్కోండి.

ఉన్న పైపులను అమ్మేయమని నేను అనను. నెలకు 40 పౌండ్లు దాటకుండా ముచ్చట తీర్చుకోండి. ప్రతి పైపు కాడ మీది ముద్రలను ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి, కొన్న రసీదుతో కలిపి భద్రపరచి, మీ ఇంటి బీమాలో ఒక్కో వస్తువుకు ఎంతవరకు పరిహారం ఇస్తారో చూసుకోండి.