దత్తత ఉత్తర్వు వచ్చేదాకా పాపను మా అమ్మ దగ్గర ఉంచొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. డాలస్‌లో ఉంటున్నాం. మావారు అమెరికా పౌరుడు, నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా ఆంధ్రప్రదేశ్‌లోని ఒక శిశుగృహలో ఉన్న నాలుగున్నరేళ్ల పాపను దత్తత తీసుకోవడానికి ఒప్పుకున్నాం. అమెరికాలో ఐ-800కి (విదేశీ బిడ్డను దత్తత తెచ్చుకోవడానికి అమెరికా పౌరులు పెట్టే దరఖాస్తు) ప్రొవిజనల్ అప్రూవల్, అంటే తాత్కాలిక ఆమోదం, వచ్చింది. కారా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇంకా రాలేదు. వారానికోసారి వీడియో కాల్‌లో మాట్లాడిస్తున్నారు. పాప నన్ను అమ్మా అంటోంది, ఎప్పుడొస్తావని అడుగుతోంది. ఉత్తర్వు వచ్చేదాకా పాపను గుంటూరులో మా అమ్మ దగ్గర ఉంచొచ్చా? పోనీ నేనే వచ్చి పాపతో ఉండొచ్చా? దత్తత పత్రం రిజిస్టర్ చేయించుకుంటే త్వరగా తేలిపోతుందని బంధువులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు వచ్చి ఉండొచ్చు. ఎన్‌ఓసీ వచ్చాక పాపను మీతోనే ఉంచుకోవచ్చు కూడా. మీ అమ్మగారికి మాత్రం అప్పగించరు. దత్తత పత్రం మాట ఇక ఎత్తకండి.

ముందు ఆ పత్రం సంగతి తేల్చేద్దాం. శిశుగృహలో ఉన్న బిడ్డను విదేశానికి దత్తత ఇవ్వాలంటే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఒక్కటే దారి. సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎన్ని స్టాంపులు వేయించినా అది దత్తత అనిపించుకోదు. సరైన ఉత్తర్వు లేకుండా బిడ్డను దేశం దాటించడం 56వ సెక్షన్ ప్రకారం నేరం. 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈ సలహా ఇచ్చిన బంధువులు ఆ రోజు మీతో స్టేషన్‌కి రారు.

ఇక మీ అమ్మగారి విషయం. మీరు అంగీకారం తెలిపినంత మాత్రాన పాప మీ బిడ్డ అయిపోలేదు. 63వ సెక్షన్ ప్రకారం దత్తత ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచే ఆమె మీ కూతురు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇస్తున్నది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్. అప్పటిదాకా పాప బాధ్యత శిశుగృహదే. అమ్మమ్మ అయినా సరే, చట్టం దృష్టిలో ఇప్పటికి ఆమె బయటి మనిషే. ఆమెను హోమ్ స్టడీలో (దత్తతకు ముందు చేసే కుటుంబ పరిశీలనలో) చూసినవాళ్లూ లేరు, ఆమె పేరుతో ఫైలూ లేదు. పండక్కి రెండు రోజులు పంపమని శిశుగృహ సిబ్బందిని బతిమాలొద్దు. మొహమాటానికి వాళ్లు ఒప్పుకున్నా, చిక్కు మీ ఫైలుకే.

మీకు నిజంగా అక్కరకొచ్చేది ‘ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్’, అంటే ఉత్తర్వుకు ముందే బిడ్డను తాత్కాలికంగా మీ సంరక్షణలో ఉంచడం. అమెరికా రాయబార కార్యాలయం నుంచి ఆర్టికల్ 5 లేఖ (ఈ దత్తత ముందుకు సాగొచ్చని తెలిపేది) అందాక కారా ఎన్‌ఓసీ ఇస్తుంది. ఎన్‌ఓసీ వచ్చి, ఉత్తర్వు పెండింగ్‌లో ఉన్న కాలంలో మీరు హామీ పత్రం రాసిచ్చి పాపను మీ దగ్గరకు తెచ్చుకోవచ్చు. భారతదేశం లోపలే ఉండాలి. మీరు పాప పక్కన ఉంటారు కాబట్టి, శిశుగృహకు ముందే చెప్పి గుంటూరులో మీ అమ్మగారి ఇంటినే చిరునామాగా ఇవ్వండి. అమ్మమ్మ ముచ్చటా అలా తీరుతుంది.

అయితే ఒక్కటి ఆలోచించుకోండి. దరఖాస్తు పెట్టిన రెండు నెలల్లో కలెక్టర్ తేల్చాలని చట్టం చెబుతోంది. ఫైళ్లు అన్నిసార్లూ చట్టం చెప్పినంత చురుగ్గా కదలవు. ఆ తర్వాత కారా కన్ఫర్మిటీ సర్టిఫికెట్ (దత్తత నిబంధనల ప్రకారమే జరిగిందనే ధ్రువపత్రం), పాస్‌పోర్టు, వీసా ఉన్నాయి. మీ సెలవు మూడు వారాలే అయితే పాపను ఇంటికి తేవద్దు. తెచ్చి, మళ్లీ శిశుగృహలో దింపి విమానం ఎక్కితే, ఆ పసిదానికి అది రెండోసారి వదిలేయడం కిందే లెక్క. అంతకంటే రోజూ వెళ్లి కూర్చుని, అన్నం తినిపించి, ఆడించి రావడం మేలు. పూర్తిగా ఉండగలిగితేనే హామీ పత్రం మీద సంతకం పెట్టండి.

ప్రొవిజనల్ అప్రూవల్ రాకముందే బిడ్డను కస్టడీలోకి తీసుకుంటే అమెరికా వాళ్లు ఐ-800ని తిరస్కరించొచ్చు. మీకు వచ్చేసింది కాబట్టి ఆ భయం లేదు. (ఇది చదివే హెచ్-1బీ, గ్రీన్ కార్డు వాళ్లకు ఓ మాట: భార్యాభర్తలిద్దరిలో ఎవరూ అమెరికా పౌరులు కాకపోతే ఐ-800 దారే ఉండదు. పాపను ఎంచుకున్నాక కాదు, అంతకుముందే లాయర్‌ను కలవండి.)

వీడియో కాల్స్ మానొద్దు. కాబోయే తల్లిదండ్రులతో బిడ్డకు పరిచయం చేయించడం దత్తత సంస్థ బాధ్యతల్లోనే ఉంది. కాకపోతే అది సంస్థ ద్వారా, సోషల్ వర్కర్ సమక్షంలో జరగాలి. ఆయా సొంత ఫోన్‌కి రాత్రిపూట చేయడం, ఆమెకు డబ్బు పంపడం వద్దు. కారా నిర్ణయించిన రుసుము దాటి పైసా ఇచ్చినా అనుమానాలకు తావిచ్చినట్టే. ఆయాను అడగాల్సినవి వేరే ఉన్నాయి: పాపను ముద్దుగా ఏమని పిలుస్తారు, దేనికి జడుసుకుంటుంది, ఏం పెడితే మారాం చేయకుండా తింటుంది? మీరు మీ ఇల్లు, వీధి, మీ ఇద్దరి ఫొటోలతో చిన్న ఆల్బమ్ పంపండి. శిశుగృహ కూడా పాప ఫొటోలు, వివరాలతో ఒక మెమరీ ఆల్బమ్ తయారుచేసి, అప్పగించేటప్పుడు వైద్య వివరాలతో పాటు మీకు ఇవ్వాలి. మరిచిపోతే అడిగి తీసుకోండి.

పాప ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. బిడ్డ గుర్తింపు బయటపెడితే 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. ‘మా బంగారు తల్లి’ అని రాసి శిశుగృహ బోర్డు కనిపించే ఫొటో పెట్టినవాళ్లను చూశాను.

ఎప్పుడొస్తావంటే తేదీ చెప్పకండి. "వస్తాను, ఆఫీసువాళ్లు కాగితాలు చూస్తున్నారు" అంటే చాలు, నాలుగున్నరేళ్ల పిల్లకు అది అర్థమవుతుంది. పైగా 61వ సెక్షన్ ప్రకారం కలెక్టర్ పాప ఇష్టాన్నీ ఆమె వయసుకు తగ్గట్టు పరిగణనలోకి తీసుకోవాలి. మీ వారం వారం మాటలు అక్కడ ఊరికే పోవు.

ఈలోపు ఆర్టికల్ 5 లేఖ కారాకు చేరిందో లేదో మీ దత్తత ఏజెన్సీకి మెయిల్ పెట్టి కనుక్కోండి. హామీ పత్రం నమూనా ఇప్పుడే తెప్పించుకుని చదవండి. టికెట్లు మాత్రం ఎన్‌ఓసీ కాపీ చేతికొచ్చాకే కొనండి, అదీ తిరుగు ప్రయాణం తేదీ మార్చుకునే వీలున్నవి.