అమ్మమ్మ చీర, పాత ఫోటో: బొమ్మలో కుట్టు ఎలా కలపాలి?

అమ్మమ్మ చీరతో, ఆమె పాత ఫోటోతో గుడ్డ మీద ఒక బొమ్మ వేయాలని, రంగులూ ఎంబ్రాయిడరీ కలిపి వాడాలని మీరు రాశారు. చీరను కత్తిరించవచ్చా, ఏ కుట్టు నేర్చుకోవాలి అని అడిగారు. బెంగళూరులో ఉంటూ కొన్నేళ్లుగా మా ఇంటివాళ్ల జ్ఞాపకాలతో ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

చీరను ఇప్పుడే కత్తిరించకండి. పాత పట్టు ముందు మడతల దగ్గరే చిరుగుతుంది. మడత విప్పి, ఫోటోలు తీసుకుని, ఉతికిన తెల్లటి నూలు గుడ్డతో కలిపి గొట్టానికి చుట్టి ఉంచండి. బొమ్మకు వేరే నూలు గుడ్డ తీసుకోండి.

ఇక కుట్టు. ఇక్కడ ఎవరిని అడిగినా ఉత్తర కర్ణాటక కుట్టయిన కసూతి అంటారు, లేదా సండూరు లంబాణీ పని, అంటే అక్కడి లంబాడీల ఎంబ్రాయిడరీ అంటారు. రెండూ నాకు ప్రాణం. పోగులు లెక్కపెడుతూ, వెనక ముడి లేకుండా కసూతి కుట్టేవాళ్లను గంటల తరబడి చూడగలను. అయినా, అవి మీ ఇంటి కుట్లు కాకపోతే ఈ బొమ్మకు వద్దంటాను. మీ ఇంట్లో దిండు గలీబులు, చేతిరుమాళ్లు, బల్ల మీద పరిచే గుడ్డలు వెతకండి. మా అమ్మమ్మ గలీబుల మీద ఉన్నవి గొలుసు కుట్టు, కాడ కుట్టు, అంచుకు కాజా కుట్టు, అంతే. ఆమె గొలుసులు పొడవుగా, వదులుగా ఉంటాయి. మా పెద్దమ్మవి పొట్టిగా, బిగువుగా ఉంటాయి. చేతిరాతను గుర్తుపట్టినట్టే ఎవరి కుట్టో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే అమ్మమ్మ బొమ్మలో ఆ కుట్లే, ఆ పొడవులోనే వేశాను. ముఖం రంగులతో వేసి, ఆమె చేతుల పనిని, అంటే ముగ్గునూ పూలమాలనూ దారంతో కుట్టాను.

ఫోటో నలుపు తెలుపు. అందులో కట్టుకున్న చీర రంగు ఎవరికీ గుర్తులేదు. ఊహించి నింపడం ఇష్టంలేక ఆ చోటు ఖాళీగా వదిలాను. అది చూసి పిన్ని వంకాయ రంగంది, మామయ్య కాదు, ఆకుపచ్చ అన్నారు. ఆ వాదనలోనే ఆ చీర ఎవరి పెళ్లికి కొన్నారో, డబ్బు ఎవరు సర్దారో నాకు మొదటిసారి తెలిసింది. మీరూ ఖాళీలు వదలండి, అవి మీ వాళ్లచేత మాట్లాడిస్తాయి.

అక్రిలిక్ రంగు మందంగా పూస్తే సూది దిగదు, విప్పిన కుట్టు చిల్లు కూడా పూడదు. పలుచగా వేసి, పూర్తిగా ఆరాక కుట్టండి. ఆరు పోగుల దారంలో రెండు పోగులు చాలు. ముదురు ఎరుపు దారాన్ని ముందుగా తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు దిగితే వాడవద్దు.

వీలైతే కుమారకృప రోడ్డులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తుకు వెళ్లి తోలుబొమ్మలు చూడండి. నగలనూ బట్టల అంచులనూ సన్నని చిల్లులతోనే తీర్చారు. సూది గుచ్చిన ప్రతి చోటూ బొమ్మలో భాగమేనన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

మీ చీర నూలుదా, పట్టుదా? మడతల దగ్గర పోగులు తెగుతున్నాయా? రాస్తే, అందులోంచి చిన్న ముక్క వాడవచ్చో లేదో, వెనక ఏ గుడ్డ ఆసరా వేయాలో చెబుతాను.