తాత అటక మీద పెట్టిన కర్ర ఎవరిది?

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. 'ది కరాటే కిడ్' సినిమాని మన పల్లెకి తెస్తూ కరాటే బదులు కర్రసాము పెట్టావు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ కార్లు తుడిచే చోట తాత కుర్రాడి చేత ట్రాక్టరు కడిగిస్తున్నాడు చూడు, అది మాత్రం మక్కీకి మక్కీ దించేసినట్టుంది.

1984 నాటి సినిమాలో కరాటే నేర్పే ముసలాయన మియాగీ, తన శిష్యుడు డేనియల్ చేత కార్లకి మైనం పూయించి తుడిపిస్తాడు, నేల రుద్దిస్తాడు, కంచెకీ ఇంటికీ రంగు వేయిస్తాడు. ఈ చాకిరీ ఏంటని వాడికి ఒళ్లు మండుతుంది, మనకీ మండుతుంది, ఎందుకంటే మనకీ ఏమీ తెలియదు. ఆ చేతి కదలికలతోనే దెబ్బలు కాచుకోవచ్చని బయటపడ్డప్పుడు వాడితో పాటు మనమూ నోరు తెరుస్తాం. 2010లో దాన్ని మళ్లీ తీసేటప్పుడు ఆ వీలు లేదు, హాల్లోకి వచ్చేవాళ్లలో చాలామందికి గుట్టు ముందే తెలుసు. అయినా ఆ సీన్ పండింది. డెట్రాయిట్ నుంచి బీజింగ్ వచ్చిన పన్నెండేళ్ల డ్రే జర్కిన్ విప్పి నేల మీద పడేస్తాడు, తగిలించరా అని వాళ్లమ్మ మొత్తుకుంటూ ఉంటుంది. ఏ ఇంట్లోనైనా ఉండే గొడవే కదా అని మనం పట్టించుకోం. తర్వాత వాడికి కుంగ్‌ఫూ నేర్పే మిస్టర్ హాన్ అదే జర్కిన్‌ని తీయించి, తొడిగించి, విప్పించి, తగిలింపజేసి, రోజుల తరబడి అదే పని చేయిస్తాడు. పాఠం వాడి సొంత అలవాటులోంచే పుట్టింది. మైనం బదులు ఇంకేం రుద్దిద్దాం అని వెతికితే ఆ జర్కిన్ ఎప్పటికీ దొరకదు.

కారు సంగతి కూడా చూడు. మియాగీ తన కార్లలో ఒకటి డేనియల్‌కి పుట్టినరోజు కానుకగా ఇస్తాడు. హాన్ దగ్గర కారు ఇంట్లోనే ఉంటుంది. తను నడుపుతుండగా జరిగిన ప్రమాదంలో భార్యా కొడుకూ పోయారు, దాన్ని ఏటా బాగుచేసి, ఆ రోజు రాగానే తనే పగలగొట్టేస్తాడు. మియాగీ దుఃఖం వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో అతను అమెరికా సైన్యం తరఫున యూరప్‌లో పోరాడుతుంటే, జపాన్ మూలాలున్నవాళ్లని అదే అమెరికా నిర్బంధించిన మాంజనార్ క్యాంపులో అతని భార్య ప్రసవంలో బిడ్డతో సహా చనిపోయింది. ఆ చరిత్ర బీజింగ్‌లో హాన్‌కి అతకదు, కాబట్టి చరిత్ర మారింది, ఒంటరి ఇల్లు మిగిలింది. అక్కడ డేనియల్ తాగి ఏడ్చిన గురువుని పడుకోబెట్టి వంగి నమస్కరిస్తాడు. ఇక్కడ డ్రే సాధన కర్రలు చేతికిచ్చి, కారులో కూలబడ్డ మనిషిని బయటికి లాగుతాడు. రెండుచోట్లా ఆ ఒక్క రాత్రి పిల్లాడే పెద్దవాడవుతాడు. రీమేక్‌లో అన్నీ నాకు నచ్చాయని కాదు. అంత చిన్న పిల్లల మధ్య అంత క్రూరమైన కొట్లాట మింగుడుపడలేదు, నిడివీ ఎక్కువే. కానీ ఈ రెండు చోట్ల మాత్రం రాసినవాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఇంకోటి. మొదటి సినిమా రాసిన రాబర్ట్ మార్క్ కామెన్ ఒకినావా కరాటే స్వయంగా నేర్చుకున్నవాడు. నువ్వు ఎప్పుడైనా కర్ర పట్టావా? కర్రసాము వచ్చిన పెద్దాయన ఎవరైనా దొరికితే నెలరోజులు ఆయన దగ్గరికి వెళ్లు, అరచేతులు బొబ్బలెక్కనీ. నీ స్క్రిప్టులో దెబ్బలున్నాయి కానీ అవి తిన్న చెయ్యి కనపడలేదు.

ట్రాక్టరు తీసేయ్. నాలుగో పేజీలో, సంక్రాంతి ముందు రోజు తాత అటక మీది కర్ర దించి, నూనె రాసి, మళ్లీ అక్కడే పెట్టేశాడని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయావు. అది ఆయన పొడుగుకి సరిపోని చిన్న కర్ర అని కూడా నువ్వే రాశావు. ఎవరిది ఆ కర్ర? ముందు అది రాసి పంపు, మిగతా సీన్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నీ అన్నయ్య