గురి శీర్షిక: మెడ గట్టిపడిన ఇత్తడి

ప్రశ్న: .308 విన్‌చెస్టర్ రైఫిల్‌తో లాంగ్ రేంజ్ సాధన చేస్తున్నాను. 300 గజాల దగ్గర గ్రూపులు (దెబ్బలు ఒకేచోట పడటం) బాగానే ఉన్నాయి. 1000 గజాలకు వెళ్తే దెబ్బలు పైకీ కిందికీ చెదిరిపోతున్నాయి. తూటా మందు ప్రతిసారీ తూచే పోస్తున్నాను. ఇవే కేసులను (తూటాల ఇత్తడి గొట్టాలను) ఆరోసారి వాడుతున్నాను. బుల్లెట్ కూర్చేటప్పుడు ప్రెస్ హ్యాండిల్ కొన్నింటికి సులువుగా దిగుతోంది, కొన్నింటికి బిగుస్తోంది. లోపం ఎక్కడండీ?

జవాబు: మీ చేతికి తెలిసిపోయింది, మీరే నమ్మడం లేదు. ఆ హ్యాండిల్ తేడాయే టార్గెట్ మీద కనిపిస్తోంది.

కేసు ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. పేల్చినప్పుడల్లా నెక్ (కేసు మెడ) ఉబ్బుతుంది, సైజింగ్ డైలో (కేసును మళ్లీ కొలతకు తెచ్చే అచ్చులో) మళ్లీ ముడుచుకుంటుంది. ఇలా సాగీ ముడిగీ లోహం గట్టిపడుతుంది. అన్ని కేసులూ ఒకేలా గట్టిపడితే చిక్కే లేదు, అలా జరగదు. దాంతో బుల్లెట్‌ను పట్టే బిగువు మారుతుంది, వేగమూ మారుతుంది. సెకనుకు 30 అడుగుల తేడా 300 గజాల్లో పట్టుబడదు. 1000 గజాల్లో అదే కాస్త అటూ ఇటుగా పాతిక సెంటీమీటర్లు!

లోపం మందులో లేదు, అనీలింగ్ (వేడిచేసి లోహాన్ని మెత్తబరచడం) చేయండి. నెక్, షోల్డర్ (మెడ కింది వాలు) మాత్రమే కొన్ని సెకన్లు వేడెక్కాలి. ప్రైమర్ (అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) తీసేసిన ఖాళీ కేసులకే సుమా. టార్చ్ వాడితే కేసును తిప్పుతూ ఉండండి. నెక్ లోపల 400 డిగ్రీల సెల్సియస్‌కు, షోల్డర్ కింద 230కి కరిగే లక్కర్ (వేడిని చూపే పూత) రాసి చూసుకుంటే ఊహించే పని తప్పుతుంది. పై గుర్తు కరగాలి, కింది గుర్తు కరగకూడదు. ఒత్తిడినంతా మోసేది అడుగుభాగం. అది మెత్తబడిన కేసును పారేయాల్సిందే. అందుకే కేసులన్నీ కలిపి ఓవెన్‌లో పెట్టడం ఎంతమాత్రం వద్దు. నీళ్లలో వేయడం చల్లారడానికే. ఇత్తడికి ఉక్కులా నీటితో పదును ఎక్కదు.

నేనైతే పేల్చిన ప్రతిసారీ చేస్తాను. అతి అనేవాళ్లున్నారు, అననివ్వండి.

తర్వాత సైజింగ్‌లో షోల్డర్‌ను ఒకటి రెండు థౌ (0.001–0.002 అంగుళం) కంటే ఎక్కువ వెనక్కి తోయకండి. కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు; 2.005కి ట్రిమ్ చేసి, అంచు లోపలా బయటా నునుపు చేయండి.

ప్రశ్న: కేసులు బంగారంలా మెరవాలని ఇంట్లో వాడే ఇత్తడి పాలిష్‌తో రుద్దుతున్నాను. మంచిదేనా?

జవాబు: అందులో అమోనియా ఉందేమో డబ్బా మీద చూడండి. ఉంటే ఇవాళే ఆపేయండి. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వర్షాకాలం తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. తీసి చూస్తే ఇత్తడి పగిలి ఉండేది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియాయే కారణమని 1921లో గానీ తేలలేదు. లోపల బిగువు దాచుకున్న ఇత్తడికి అమోనియా తగిలితే జరిగేది అదే.

మొక్కజొన్న కండె పొట్టులో దొర్లిస్తే చాలు. ఆ దుమ్ములో ప్రైమర్ల సీసం ఉంటుంది కాబట్టి మాస్క్ తప్పనిసరి, తర్వాత చేతులు కడుక్కోవాలి. నెక్ లోపలి పల్చని మసిని మాత్రం నేను తోమను. బుల్లెట్ సాఫీగా దిగడానికి అది పనికొస్తుంది. మెరుపు చూసి టార్గెట్ మార్కులు వేయదు.

ప్రశ్న: కేసును ఎప్పుడు పారేయాలి?

జవాబు: నెక్ చీలితే, లేదా కొత్త ప్రైమర్ వేలి ఒత్తిడికే దూరిపోతుంటే. అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనబడితే అనుమానించండి. సన్నని తీగ కొస వంచి, లోపలి గోడను అడుగు నుంచి పైకి గీసి చూడండి. గాడి తగిలితే ఆ కేసు తెగడానికి సిద్ధంగా ఉంది. ప్లయర్స్‌తో మూతి నొక్కేసి చెత్తలో వేయండి, మళ్లీ పొరపాటున డబ్బాలోకి చేరకుండా.