గోల్డెన్‌డూడుల్ కంటే ముందు దువ్వెన కొనండి

మీరు అడిగినవి రెండు. మీ అబ్బాయికి కుక్కలు పడవు, గోల్డెన్ రిట్రీవర్‌ని పూడుల్‌తో కలిపితే పుట్టే గోల్డెన్‌డూడుల్‌కి వెంట్రుకలు రాలవు కాబట్టి అలర్జీ రాదంటున్నారు, నిజమేనా అని ఒకటి. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తూ దాన్ని చూసుకోగలమా అని రెండోది. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం, మా ఇంట్లో ఐదేళ్ళ గోల్డెన్‌డూడుల్ ఉంది, పేరు జున్ను. రంగు కూడా అచ్చం బెల్లం వేసిన జున్నే. మాకు తెలిసింది చెప్తాను.

ముందు అలర్జీ సంగతి. అసలు అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, కుక్క ఉమ్ములోనూ, చర్మం నుంచి రాలే పొట్టులోనూ ఉండే ప్రోటీన్లు. వెంట్రుకలు రాలని కుక్క కూడా ఒళ్ళు నాక్కుంటుంది కదా. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అలర్జీ రాదని పేరున్న పూడుల్, లాబ్రడూడుల్ (లాబ్రడార్, పూడుల్ కలిపింది) లాంటి కుక్కల వెంట్రుకల్లో ఆ ప్రోటీన్ మిగతా కుక్కల కంటే తక్కువేమీ లేదు, ఎక్కువే కనిపించింది. పూడుల్‌తో కలిపిన ఈ డూడుల్ కుక్కల పిచ్చి ఎక్కడ మొదలైందో చూసినా అదే అర్థమవుతుంది. 1989లో ఆస్ట్రేలియాలో అంధులకి గైడ్ డాగ్స్ ఇచ్చే సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ అనే ఆయన, హవాయిలో ఉన్న, చూపు సరిగ్గా లేని ఒకావిడ కోసం లాబ్రడార్‌ని పూడుల్‌తో కలిపాడు, ఎందుకంటే వాళ్ళాయనకి కుక్కలు పడవు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి ఉమ్ము, వెంట్రుకలు హవాయికి పంపిస్తే ఆయనకి పడింది ఒక్కటే. ఒకే ఈతలో పుట్టిన మూడింటిలో ఒకటి! ఆ కాన్రనే 2019లో, ఈ క్రాస్ మొదలుపెట్టి తప్పు చేశానని బాధపడ్డాడు.

కాబట్టి "అలర్జీ రాదు, గ్యారంటీ" అన్న బ్రీడర్‌ని, అంటే కుక్కపిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్ళని, అక్కడే వదిలేయండి. అబ్బాయిని ముందు అలర్జీ డాక్టర్‌కి చూపించండి. ఆయన సరేనంటే, మీరు తీసుకోబోయే కుక్క దగ్గరే రెండు మూడు సార్లు కాసేపు కూర్చోబెట్టి చూడండి. మా ఆయనకి కొంచెం అలర్జీ ఉంది. జున్ను పక్కన ఉంటే ఏం కాదు, బుగ్గ నాకిందంటే మాత్రం అరగంటలో దద్దుర్లు.

ఇక వెంట్రుకలు. రాలవు అన్నది చాలావరకు నిజమే, మా సోఫా శుభ్రంగానే ఉంటుంది. కానీ ఊడిన వెంట్రుక కింద పడకుండా ఉంగరాల్లోనే చిక్కుకుంటుంది, మిగిలినదేమో మన జుట్టులాగా పెరుగుతూనే ఉంటుంది. చీపురుతో పోయే పని దువ్వెనకొచ్చింది, అంతే తేడా. మాకు ఇదెవరూ చెప్పలేదు. జున్నుకి తొమ్మిదో నెలలో పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వస్తున్న రోజుల్లో, నేను పైపైన బ్రష్ చేసి, చూడ్డానికి మెత్తగానే ఉంది కదా అని టబ్‌లో కూర్చోబెట్టి స్నానం చేయించాను. అప్పటికే అడుగున చిక్కులున్నాయి, తడిసి ఆరేసరికి బిగుసుకుపోయి చెవుల వెనకాల, చంకల్లో, మెడపట్టీ కింద అట్టలు కట్టేసింది. కుక్కల బొచ్చు కత్తిరించే గ్రూమర్ దువ్వెన పెట్టి చూసి, "దీన్ని విడదీయడమంటే హింసే, మొత్తం గొరిగేయాలి" అంది. గొరిగాక చూస్తే అది కుక్కలా లేదు, బక్క మేకపిల్లలా ఉంది. రెండు రోజులు మంచం కిందే దూరింది. నాకు ఏడుపొచ్చింది.

దువ్వడం ఎలాగో నేర్పింది మా అత్తగారు. తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చారు, ఇప్పటికీ జున్నుని ముట్టుకోరు, పూజ గది దరిదాపులకి రానివ్వరు. సోఫాలో కూర్చుని నా దువ్వుడు చూసి, "అదేం దువ్వడమే, పైన నిమిరినట్టు! ఆడపిల్లకి దువ్వినట్టు పాయలు తీసి, కుదుళ్ళ నుంచి దువ్వాలి" అన్నారు. యూట్యూబ్‌లో గంటసేపు చెప్పేదీ ఇదే. పాయ తీసి చర్మం కనపడేలా పట్టుకుని, ముందు స్లికర్ బ్రష్ (సన్న తీగ పళ్ళుండే బ్రష్), తర్వాత స్టీల్ దువ్వెన. దువ్వెన చర్మం దగ్గర నుంచి కొస దాకా ఆగకుండా వచ్చిందంటే అయినట్టు. వారానికి మూడు నాలుగు సార్లు, ఇరవై నిమిషాలు. స్నానానికి ముందు తప్పనిసరి. దీనికి తోడు ఏడెనిమిది వారాలకోసారి గ్రూమర్, మాకు టిప్‌తో కలిపి 130 డాలర్ల దాకా అవుతోంది. ఏడాదికి లెక్కేసుకోండి.

చెవులు వేలాడుతుంటాయి కాబట్టి నీళ్ళలో ఆడినా, స్నానం చేసినా లోపల ఆరదు, వాసన వచ్చిందంటే ఇన్ఫెక్షనే. తుడిచి ఆరబెట్టడం అలవాటు చేసుకోండి. వంటింటి విషయంలో మాత్రం జాగ్రత్త, ఉల్లిపాయ, ఎండుద్రాక్ష వాటికి విషం, కాబట్టి సాంబారన్నం, పాయసం ముద్దుగా పెట్టేయకండి.

ఉద్యోగాల సంగతికొస్తే, పూడుల్, గోల్డెన్ రిట్రీవర్ రెండూ వేటలో నీళ్ళలోకి దూకి పిట్టల్ని తెచ్చిపెట్టిన జాతులు. తెలివికి తెలివి, ఓపికకి ఓపిక. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట తిప్పకపోతే ఆ తెలివంతా మీ చెప్పుల మీద చూపిస్తుంది. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి నెట్టుకొస్తున్నాం. ఇద్దరూ ఐదు రోజులూ ఆఫీసుకి వెళ్ళేట్టయితే కుక్కపిల్ల వద్దు, వదిలేసిన కుక్కల్ని చేరదీసే రెస్క్యూ సంస్థల్లో రెండు మూడేళ్ళ డూడుల్స్ దొరుకుతాయి, దువ్వలేక వదిలేసినవే ఎక్కువ. పెద్దదైతే అబ్బాయికి పడుతుందో లేదో కూడా ముందే తెలిసిపోతుంది.

బ్రీడర్ దగ్గరికే వెళ్తామంటే తల్లిదండ్రుల తుంటి కీళ్ళు, గుండె, కళ్ళ పరీక్షల రిపోర్టులు అడగండి. కుక్క జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ (ఏకేసీ) గోల్డెన్‌డూడుల్‌ని ఒక జాతిగా గుర్తించదు, పేపర్లున్నాయని రేటు పెంచితే నమ్మకండి. ఎఫ్1 అంటే గోల్డెన్ రిట్రీవర్‌కి, పూడుల్‌కి నేరుగా పుట్టింది, సగం పూడుల్. ఎఫ్1బి అంటే ఆ ఎఫ్1ని మళ్ళీ పూడుల్‌తో కలిపితే పుట్టింది, ముప్పాతిక పూడుల్. ఎఫ్1బికి సాధారణంగా రాలడం తక్కువ, చిక్కులు ఎక్కువ.

ఇంకొకటి, డిసెంబర్‌లో ఇండియా వెళ్ళేవాళ్ళయితే కుక్కని వదిలి వెళ్ళే బోర్డింగ్ ఆగస్టులోనే బుక్ చేసుకోండి, తర్వాత దొరకదు. మేం వెళ్ళే ముందు జున్నుకి పొట్టిగా కత్తిరించి దింపుతాం. నెల రోజులు అక్కడెవరూ పాయలు తీసి దువ్వరు.